పొద్దున్నే పక్కకి జరిగే సెట్టు

మొన్న మా రేడియో క్లబ్బు కార్యదర్శి ఫోను చేశాడు. కొత్తగా కిట్లు తెప్పించుకుని సొంతంగా సెట్లు కట్టుకుంటున్న కుర్రకారుకి ఓ గంటసేపు పాఠం చెప్పాలట. బోర్డు మీద తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా అన్నది విషయం. "మీకంటే అనుమానం మనిషి మన క్లబ్బులో లేడు కదండీ, అందుకని అందరూ మీ పేరే చెప్పారు," అన్నాడు. పొగిడాడో, తిట్టాడో తేల్చుకోలేక సరేనన్నాను. ఆ సాయంత్రం కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క ముక్క రాస్తే ఒట్టు. సరిగ్గా అతకని డ్రై జాయింట్లు, తిరగేసి పెట్టిన డయోడ్లు, ఒకదాని బదులు ఇంకొకటి గుచ్చిన రెసిస్టర్లు, ఇవన్నీ కిట్టుతో వచ్చే పుస్తకంలోనే ఉంటాయి. పుస్తకంలో లేనిది ఒక్కటే నాకు తెలుసు. అది చెప్పాలంటే మా వియ్యంకుడుగారి సంగతి చెప్పాలి. క్లబ్బు మీటింగులో ఇంటి సంగతులేమిటని మా ఆవిడ కేకలేస్తుంది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

అమెచ్యూర్ రేడియో అంటే తెలియని వాళ్లకి ఒక్క మాట. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో, సొంత ఏరియలుతో గాలిలో మాట్లాడుకునే సరదా ఇది. మధ్యలో టవరూ ఉండదు, కంపెనీ ఉండదు, నెలనెలా రీచార్జీ ఉండదు. నేను టెలిఫోన్ల శాఖలో లైన్లలో తప్పులు వెతికే విభాగంలో పనిచేసి రిటైరైన వాడిని. మూగబోయిన లైనుకి కారణం ఎలకా, వానా, పక్కవాడి గునపమా అని బతుకంతా ఆరా తీసిన మనిషిని. ఆ బుద్ధి పింఛనుతో పాటు ఇంటికొచ్చేసింది. పాలు పలచగా ఉంటే పాలవాణ్ణి కాదు, ముందు గిన్నెని అనుమానిస్తాను. మా ఆవిడ మా చర్చి స్త్రీల సమాజంలో అందరిముందూ, "ప్రభువు ఎదురుగా నిలబడినా ఆధార్ కార్డు చూపించమనే రకం మా ఆయన," అని చెప్పుకుని నవ్వుకుంటుంది. నాకు కోపం రాదు. చూపిస్తే ఆయనకి పోయేదేముంది?

మా అబ్బాయి ఆఫీసులో తనతో పనిచేసే పిల్లని ఇష్టపడి రిజిస్ట్రారు దగ్గర పెళ్లి చేసుకున్నాడు. పిల్లది పెడన. మగ్గాల మీద బతికిన కుటుంబం. వాళ్ల నాన్నగారు నేతపని చేసి, తర్వాత బట్టల వ్యాపారంలోకి దిగినా ఇంట్లో ఒక మగ్గం మాత్రం తీయలేదు. పెళ్లి విందుకి వచ్చిన మా వియ్యంకుడుగారు కుర్చీ అంచున కూర్చుని, మూత తీయని సోడా ఒకటి అడిగి, తనే కొట్టుకుని తాగారు. నేను గమనిస్తూనే ఉన్నాను. నేను గమనిస్తున్నట్టు ఆయనా గమనించారు. పిల్లని మేం చర్చికి లాగుతామని ఆయన అనుమానం. పిల్లని ఏదో ఒక పండగ వంకన తీసుకెళ్లి మళ్లీ పంపరని నా అనుమానం. పైకి మాత్రం "బావగారూ" అంటే "బావగారూ" అనుకుంటూ, చేతులు జోడించుకుంటూ చాలా మర్యాదగా ఉండేవాళ్లం. ఆ మర్యాద చూసి మా అబ్బాయి భయపడేవాడు.

అటువంటి మనిషి ఒకనాడు ముందు చెప్పకుండా భవానీపురంలో మా ఇంటికి వచ్చారు. అంతకు ముందు వర్షాలకి ఊరు సగం మునిగినప్పుడు అబ్బాయీ కోడలూ వేరే పేటలో అద్దెకుండేవాళ్లు. ఇల్లు నీళ్లలో ఉండిపోయింది, ఫోన్లు పడిపోయాయి. పెడనలో ఆయనకి కబురంటూ అందింది ఎవరో చెప్పగా ఎవరో విన్న మాటలే. పిల్లలు తర్వాత మా మేడ మీదికి మారారు, ఆ కథ అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆయనకి కాలేదు. కోడలు కడుపుతో ఉంది. తల్లి లేని పిల్ల కనుక కాన్పు ఇక్కడేనని అనుకున్నాం. లెక్క చూస్తే అది తుపానుల నెలలోనే పడుతోంది. ఆయన ఈసారి కుర్చీలో వెనక్కి జారబడి కూర్చున్నారు. "బావగారూ, ఫోన్లు పోయినా మాట వినపడే మిషను మీ దగ్గరుందని మా అమ్మాయి చెప్పింది. అది నాక్కూడా కావాలి," అన్నారు.

కబురే కదా, ఎలాగోలా పంపిస్తాం లెండి అన్నాను. అప్పుడాయన చెప్పిన మాట నేను మరిచిపోలేదు. భార్య రెండో కాన్పుకి బందరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన మగ్గం మీద ఉన్నారట. ఎవరో ఫోను చేసి, "కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరి రండి," అన్నారట. అప్పటికే అంతా అయిపోయింది. మన వైపు చావు కబురు ఫోనులో చెప్పరు కదా, సీరియస్ అనే చెబుతారు. ఆయన దారంతా బతికుందనుకుంటూ వెళ్లారు. "అప్పట్నుంచీ ఒకళ్లు చెప్పిన కబురు నేను నమ్మనండి. బాగానే ఉంది అంటే మరీ నమ్మను. మా అమ్మాయి గొంతు నా చెవిన పడాల," అన్నారు. నాకు ఆ మనిషి మీద మొట్టమొదటిసారి ఇష్టం కలిగింది. అనుమానంలో నన్ను మించినవాడు దొరికాడన్న గౌరవం కూడా అందులో ఉందేమో.

ఆయన ఆ వయసులో పుస్తకాలు తెచ్చుకుని చదివి లైసెన్సు పరీక్ష పాసయ్యారు. రెండు కిట్లు తెప్పించాను. ఒకటి మా ఇంటికి, ఒకటి పెడనకి. పాతకాలం పద్ధతి కిట్టు అది, స్టేషను పట్టే పనంతా తీగచుట్ట చేస్తుంది. చిన్న రింగు చుట్టూ వెంట్రుకంత రాగితీగని సమంగా చుట్టాలి. నా చూపుకి, నా వణుకుకి అది అయ్యే పని కాదు. ఆయన రింగు చేతిలోకి తీసుకుని రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి, "పోగు పనే కదండీ," అన్నారు. అంతే, పని పంచుకున్నాం. రెండు బోర్డుల మీదా సీసం కరిగించి అతికే సోల్డరింగు నాది, చుట్టలన్నీ ఆయనవి. శనివారం బస్సులో వచ్చేవారు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవారు. పెడనలో చుట్టిన చుట్టల్ని పాత చీరముక్కలో కట్టి తెచ్చి, పసిపిల్ల చెవికమ్మల్లాగా జాగ్రత్తగా విప్పేవారు. ఒక్క చుట్టు మరో చుట్టు మీదికి ఎక్కలేదు. మెరుపు కూడా ఉండేది. నా జాయింట్లు వాటి పక్కన చూసుకుంటే సిగ్గేసేది.

సెట్లు రెండూ పూర్తయ్యాయి. ఒకటి కింద గదిలో, ఒకటి మేడ మీద పెట్టి పరీక్షించుకున్నాం. సాయంత్రం పూట అద్భుతంగా మాట్లాడుకున్నాం. మర్నాడు ఆదివారం, ఏడింటికి, చర్చికి వెళ్లే ముందు పెట్టి చూస్తే ఆయన గొంతు బాతు గొంతులా మారి, కాసేపటికి మాయమైపోయింది. రేడియోలో సూది ఎవరూ ముట్టుకోకుండా తనంతట తనే పక్క స్టేషనుకి జరిగిపోతే ఎలా ఉంటుందో అలాగ. ఒక సెట్టు కొంచెం జరిగితే రెండోది ఇంకాస్త జరిగింది. మధ్యాహ్నం ఎండ ముదిరాక రెండూ బుద్ధిగా దారికొచ్చాయి. చర్చికి ఆలస్యమైందని మా ఆవిడ ఆ పూట మాట్లాడలేదు.

అక్కణ్ణుంచి నా అసలు ఉద్యోగం మొదలైంది. మొదట నా జాయింట్లనే అనుమానించాను. ఒక్కొక్కటీ మళ్లీ కరిగించాను. మల్టీమీటరు పట్టుకుని బోర్డంతా తడిమాను. తర్వాత కిట్టు అమ్మినాయన మీదికి మనసు పోయింది. కెపాసిటర్లు నాసిరకం పంపాడేమోనని సొంత డబ్బాలోవి పీకి పెట్టాను. తేడా లేదు. పక్కింటి ఇన్వర్టరు, ఎదురింటి కొత్త ఎల్‌ఈడీ దీపాలు, మా ఆవిడ పొద్దున్నే వేసే గ్రైండరు, అన్నింటికీ నా ముందు హాజరు పడింది. "ఈ ఆదివారం ఇడ్లీ పిండి రుబ్బకుండా ఉండు, చూద్దాం," అన్నాను. "సెట్టు పలికితే ఇడ్లీ మానేస్తారా?" అని ఆవిడ నిలదీసింది. రుబ్బకపోయినా సెట్టు జరిగింది. ఇడ్లీలు లేకుండా పోయాయి, అదే దక్కింది.

అప్పుడు నాకో సంగతి తట్టింది. మామూలు రోజుల్లో నేను ఒక్కణ్ణే, మధ్యాహ్నం నిద్ర లేచాక సెట్టు పెడతాను. ఏ లోపమూ ఉండదు. ఆదివారం పొద్దున ఆయన ఉన్నప్పుడే పాడవుతోంది. మరిక చెప్పేదేముంది? ఆయన బోర్డు మీద చెయ్యి వేసినప్పుడల్లా ఓరకంట చూడటం మొదలుపెట్టాను. ఆయన స్నానానికి వెళ్తే లేచి వెళ్లి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేవాణ్ణి. ఆయనా తక్కువ తినలేదు. నేను టీ తాగడానికి లేస్తే ఆయన భూతద్దంతో నా జాయింట్లు చూస్తున్నారని కోడలు చెప్పింది. ఒక బుధవారం పొద్దున్నే, ఆయన లేనప్పుడు పెట్టి చూద్దామనిపించింది. పెడితే అప్పుడూ జరిగింది. సరే, మనిషి నిర్దోషి. కానీ ఆయన చుట్టల సంగతో? చుట్ల లెక్క తప్పారేమో? రెండు సెట్లలోనూ ఒకే తప్పు రావాలంటే రెండింటికీ ఒకే చెయ్యి పడి ఉండాలి. టెలిఫోన్లలో నేర్చుకున్న మొదటి పాఠం అదే.

అడగొచ్చు. అడిగితే బాధపడతారు. అందుకని అడగకుండా నా సెట్టులోని ముఖ్యమైన చుట్టని ఊడదీసి, ఒక్కో చుట్టూ విప్పి లెక్కపెట్టాను. ఊడుతుంటే తీగ చిటపటమంది, పైన ఏదో వార్నిషు పూసినట్టు సన్నటి పొర లేచింది. లెక్క మాత్రం అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంది. నిరాశపడ్డాననే చెప్పాలి. కొత్త తీగతో నాకు చేతనైనట్టు మళ్లీ చుట్టి అతికించాను. అలా విప్పి చూసినందుకు నేనిప్పటికీ చింతించను. విప్పకపోతే ఏమీ తెలిసేది కాదు.

శనివారం ఆయన వచ్చారు. బోర్డు వంక ఒక్క చూపు చూశారు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "బావగారూ, ఈ చుట్ట నాది కాదు," అన్నారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. "లెక్క సరిపోయిందాండీ?" అని అడిగారు. సరిపోయిందన్నాను. "నా లెక్క మీద నమ్మకం లేకపోతే నన్నే అడగాల్సింది. నా ముందు విప్పుంటే నేనే పట్టుకునేవోణ్ణి, మీరు లెక్కపెట్టుకునేవోళ్లు," అన్నారు. మేడ మీదున్న తన సెట్టుని చీరముక్కలో మూట కట్టుకుని, కూతురి తల మీద చెయ్యి వేసి, ఉన్న బస్సు పట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత నేను ఫోను చేస్తే ఎత్తలేదు. ఆయన పెడన చేరాక రోజూ పొద్దున ఏడింటికి మాట్లాడుకోవాలని ముందే అనుకున్నాం, ఆ వేళకి సెట్టు మీద పిలిస్తే పలకలేదు. కోడలు నాతో మాట్లాడుతూనే ఉంది గానీ, అడిగినదానికే జవాబు చెప్పేది. ఇంట్లో గిన్నెల చప్పుడు పెరిగింది.

విడ్డూరమేమిటంటే, నా సెట్టు బాగుపడింది. నా వంకర చుట్టతో అది పొద్దున పూట కూడా కదలకుండా నిలబడుతోంది. చూడముచ్చటైన ఆయన చుట్ట జరుగుతుంది, నా ముష్టి చుట్ట నిలబడుతుంది. లెక్కేమో రెండింటికీ ఒకటే. ఇదేం న్యాయమని బల్ల ముందు తల పట్టుకుని కూర్చుంటే కోడలు మజ్జిగ తీసుకొచ్చింది. నేను విప్పిన పాత తీగ పళ్లెంలో అలాగే ఉంది. దాని మీదికి ఎర్రచీమలు బారు కట్టాయి. రాగితీగకి చీమలేమిటని నేను ఇంకో అనుమానం మొదలుపెట్టేలోగా, ఆ పిల్ల తీగ తీసి, దులిపి, నాలిక చివర ఆనించి చూసింది. "గంజి, మావయ్యగారూ," అంది.

నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటోంది, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. "పోగు సాగదీశాక గంజి పెట్టి కుంచెతో దువ్వకపోతే నాన్నకి నిద్ర పట్టదండీ. చుట్లు కదలకూడదని మీరు చెప్పుంటారు, గంజి పెట్టేశాడు. మంచి మెరుపు కూడా వస్తదిగా," అంది. చుట్లు కదలకుండా మైనం పూయమని పుస్తకంలో ఉంది. ఆ పేజీ నేనే ఆయనకి చదివి వినిపించాను. నేతపనిలో జీవితం గడిపిన మనిషికి తీగ కదలకుండా ఉండాలంటే మైనం ఎందుకు గుర్తొస్తుంది? బియ్యపు గంజి పొద్దున మంచుకి, తడిగాలికి చెమ్మ పీల్చుకుంటుంది. చెమ్మ పీల్చుకుంటే చుట్ట గుణం మారుతుంది, సెట్టు జరుగుతుంది. ఎండెక్కి ఆరగానే బుద్ధి తెచ్చుకుంటుంది. నా జన్మలో ఇన్ని తప్పులు పట్టాను గానీ, తప్పు కూడా ఇంత శ్రద్ధగా చేసినవాణ్ణి చూడలేదు.

కోడలు వెంటనే తండ్రికి ఫోను చేసి, గంజి కడిగేయమని చెప్పింది. స్పీకరులో నేనూ విన్నాను. "మీ మావగారు చెప్పమన్నారా అమ్మా?" అన్నారు. కాదంది. "ఆయన జాయింట్లు బాగుండక నా గంజి మీద పెడతన్నారు. గంజి పెట్టని పోగు నిలబడదు. నువ్వు ఒళ్లు జాగ్రత్తగా చూసుకో," అని పెట్టేశారు. ఆ మాటకి నాకూ ఒళ్లు మండింది. సెట్టు ఆయనది, కూతురు ఆయనది, ఏమైనా చేసుకోనీ అనుకున్నాను. అనుకున్నానే గానీ తుపానుల నెల వచ్చేస్తోంది. ముసురు పట్టిందంటే ఆ గంజి ఆరేది లేదు. పొద్దున కాదు, రోజంతా సెట్టు చేతికి చిక్కదు.

వాయుగుండం వచ్చింది. బందరు వైపు కరెంటు పోయింది, స్తంభాలు పడ్డాయి, ఫోన్లు చచ్చిపోయాయి. సరిగ్గా ఆ సాయంత్రమే కోడలికి నొప్పులు మొదలై ఆసుపత్రికి తీసుకెళ్లాం. తెల్లవారాక కాన్పయింది. ఆడపిల్ల. నేను వానలో తడుస్తూ ఇంటికొచ్చి, తల కూడా తుడుచుకోకుండా సెట్టు పెట్టాను. ఏడయింది. పిలిచాను. ఉరుముల గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాను. కోపంతో సెట్టు కట్టేసి పక్కన పడేసి ఉంటారు, లేదా గంజి ముద్దయి ఎక్కడికో జరిగిపోయి ఉంటుంది, లేదా ఇల్లే... అంతకు మించి అనుకోలేక, పిలుస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి గరగర మధ్యలోంచి ఆయన గొంతు వచ్చింది. బాతు గొంతు కాదు. రాయిలా నిలబడిన గొంతు. "బావగారూ, అమ్మాయి ఎట్టా ఉందండీ?"

"ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం," అన్నాను. వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను. "వినపడిందండీ. క్షేమం అన్నారు," అన్నారు. గొంతు మారిపోయింది. క్షేమం అన్న మాటే ఆ మనిషికి భయమని నాకు గుర్తొచ్చింది. నేనెంత గట్టిగా చెబితే ఆయనకి అంత అనుమానం పెరుగుతుంది. లైసెన్సు లేనివాళ్ల గొంతు మన మైకులోకి పోనివ్వకూడదని కొత్తవాళ్లకి నేనే నేర్పుతుంటాను. ఆపద వేళ తప్ప అన్న మాట కూడా ఆ రూల్లోనే ఉంది. ఆసుపత్రిలో ఉన్న మా ఆవిడకి ఫోను చేశాను. ఊళ్లో ఫోన్లు పనిచేస్తున్నాయి. ఫోను కోడలికి ఇమ్మని, స్పీకరు పెట్టి, మైకు దగ్గరగా పట్టుకున్నాను. "నాన్నా, నేనే," అంది నీరసంగా.

ఆయన అడిగిన ప్రశ్నకి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అమ్మా, గంజి కాచాక ఆఖర్న ఏం వేస్తాం?" కోడలు, "కొబ్బరినూనె చుక్క నాన్నా. ఎక్కువేస్తే నువ్వు తిడతావు," అంది. ఆ తర్వాత సెట్టులో వినపడింది మాట కాదు. ఓ పెద్దమనిషి ఎవరూ చూడటం లేదనుకుని ఏడ్చే ఏడుపు అది. నేను మైకు పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నా కళ్లు కూడా తడిసిపోయాయి, దానికి వాన మీద నెపం పెట్టను.

దారులు తెరుచుకున్నాక అబ్బాయీ నేనూ ఆయన్ని తీసుకురావడానికి పెడన వెళ్లాం. మగ్గం పక్కన బల్ల మీద, కారు బ్యాటరీకి తగిలించి సెట్టు ఉంది. దాని పక్కనే బొగ్గుల కుంపటి. వంగి చూశాను. గంజి అలాగే ఉంది, అదే మెరుపు. "కడగలేదే?" అన్నాను. "ఆరబెట్టానండీ. ముసురులో మగ్గం మీద పడుగు పోగులు మెత్తబడితే కుంపటి పెట్టమా? తెల్లారకముందే రాజేశా," అన్నారు. అమ్మాయి మాట నమ్మారన్నమాట అన్నాను. "సగం నమ్మానండీ. మిగతా సగం మీరు చెప్పించారేమోనని." నేను ఆ సగానికే సంతోషించాను. నా చుట్ట ఇంకోసారి చుట్టి పెడతారా, ఈసారి మైనంతో, అని అడిగాను. "మైనం మా ఇంట్లోదైతే సరేనండీ," అన్నారు.

ఇప్పుడు రోజూ ఏడింటికి మాట్లాడుకుంటాం. మనవరాలు ఏం తిందో, ఎన్ని పళ్లొచ్చాయో నేను చెబుతాను, ఆయన సగం నమ్ముతారు. మిగతా సగం కోసం నెలకోసారి బస్సెక్కి వచ్చి చూసుకుంటారు. నేను ఏడు కాకముందే సెట్టు వేసుకుని కూర్చుంటాను. ఆయనా అంతే. ఒక్కోసారి పొరపాటున మైకు బొత్తాం నొక్కి గొంతు సవరించుకుంటారు, అప్పుడు తెలిసిపోతుంది. ముందు పిలిస్తే చులకనైపోతామని ఇద్దరికీ అనుమానం. అందుకని ఏడు కొట్టేదాకా ఆ గరగర వింటూ ఇక్కడ నేనూ అక్కడ ఆయనా ఊరికే కూర్చుంటాం. కాలం వృథా అయిపోతోందని ఉద్యోగమంతా కంగారుపడిన మనిషిని నేను. ఇప్పుడు ఆ వృథా అయ్యే కాసేపటి కోసమే పొద్దున్నే లేస్తున్నాను.